షాపు లీజు మీద సంతకం చేసే ముందు

మీరు పంపిన లీజు చిత్తుప్రతి ముప్పై ఒక్క పేజీలూ రెండు రాత్రులు కూర్చుని చదివాను. అమెరికాలోని న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకు దగ్గరగా కర్రీ పాయింట్ పెట్టాలన్న ఆలోచన మంచిదే. అయితే యజమాని తరఫు మనిషి “ఏసీ సంగతి మేం చూసుకుంటాం, వ్యాపారం నడవకపోతే రెండేళ్లకు ఖాళీ చేసుకోవచ్చు” అన్నాడనీ, మర్యాదస్తుడిలా ఉన్నాడు కనుక నమ్మవచ్చా అనీ అడిగారు. అచ్చం ఇవే మాటలు 2004లో నాకూ ఒకరు చెప్పారు.

నేను గుంటూరులో బీకాం చదివినవాణ్ణి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం నాకు కంఠతా వచ్చు. ఇక్కడి చట్టానికీ మూలం ఆ ఇంగ్లండు సంప్రదాయమే కనుక కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదనుకున్నాను. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. ఒక యజమాని నెలకు 3,200 డాలర్లకు షాపు ఇస్తానని ఉత్తరం రాస్తే, 3,000కు ఇవ్వమని తిరిగి రాశాను. వారం తరువాత పోనీలెమ్మని 3,200కే ఒప్పుకుంటే, షాపు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. బేరమాడిన క్షణమే ఆయన మొదటి ప్రతిపాదన రద్దయిపోయిందనీ, నా ఉత్తరం కొత్త ప్రతిపాదన కింద లెక్క అనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న నాకు, అవసరం వచ్చినప్పుడు గుర్తుకు రాలేదు.

రెండో షాపు దొరికిన సంతోషంలో ఐదేళ్ల లీజు మీద పదిహేను నిమిషాల్లో సంతకం చేశాను. మూడో వేసవిలో, జూలై రెండో వారంలో, పైకప్పు మీది ఏసీ యంత్రం ఆగిపోయింది. మధ్యాహ్నానికి కరివేపాకు కట్టలు వాడిపోయి, పెరుగు డబ్బాల మూతలు ఉబ్బాయి. ఇచ్చిన మాట గుర్తు చేస్తూ ఉత్తరం రాస్తే, లీజులోని ఒక పేరా నకలు మాత్రం తిరిగి పంపారు. ఇరుపక్షాల ఒప్పందమంతా ఈ కాగితాల్లోనే ఉన్నదనీ, అంతకు ముందు నోటితో అనుకున్నవేవీ చెల్లవనీ దాని సారాంశం. మీ చిత్తుప్రతిలో ఇరవై ఆరో పేజీలో అదే పేరా ఉంది, చూడండి. మోసం జరిగిందని రుజువు చేయగలిగితే వేరే దారి ఉండవచ్చు గానీ, ఆ రుజువుకయ్యే లాయరు ఖర్చు ఏసీ ఖర్చును మించిపోతుంది. కొత్త యంత్రానికి 11,400 డాలర్లు నేనే కట్టాను. మీ లీజు కూడా ట్రిపుల్ నెట్ రకానిదే. అంటే అద్దె గాక ఆస్తి పన్నులో, బీమాలో, నిర్వహణలో వాటా కూడా మీదేనని అర్థం. నెలసరి లెక్కలో మీరు అద్దె ఒక్కటే వేసుకున్నారు.

ఇంతకంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఎల్‌ఎల్‌సీ అనే పరిమిత బాధ్యత కంపెనీ పేరున లీజు తీసుకుంటున్నాం కనుక ఇంటి మీదికి ఏమీ రాదని రాశారు. నేనూ అలాగే ధైర్యంగా ఉన్నాను. కానీ నా లీజు చివర జతచేసిన ఒకే ఒక్క పేజీలో, కంపెనీ కట్టలేకపోతే నేను స్వయంగా కడతానని హామీ ఉంది. అది వ్యక్తిగత హామీ. నాలుగో ఏట షాపు మూసినప్పుడు మిగిలిన అద్దె కోసం నన్నే పట్టుకున్నారు. బతిమాలి కొంత తగ్గించుకుని, మిగతాది మూడేళ్లపాటు నెలనెలా కట్టాను. అమ్మాయి కాలేజీకని దాచిన డబ్బు అందులోకే పోయింది. తరువాత ఎవరి ముందూ చేయి చాచకుండా రెండు షాపులు నడిపాను, ఇల్లు కొన్నాను. కానీ ఆ మూడేళ్లూ ఒకటో తారీఖు వస్తుందంటే నిద్ర పట్టేది కాదు.

మీ తరం వారికి ఫోను తెర మీద వేలితో సంతకం చేయడం అలవాటైంది కనుక కొంచెం గట్టిగా చెబుతున్నాను. భాగస్వామి మన ఊరివాడే అన్న కారణంతో రాతకోతలు మానకండి. మా నాన్నగారు సొంత బావమరిదికి అప్పిచ్చినా రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రామిసరీ నోటు రాయించుకునేవారు, దావా గడువు దాటిపోకుండా మూడేళ్లు నిండకముందే చెల్లు వేయించేవారు. న్యూజెర్సీలో సాధారణ ఒప్పందాల మీద దావాకు ఆరేళ్ల గడువు, సరుకుల అమ్మకానికైతే నాలుగేళ్లు. 500 డాలర్లు, ఆపైన విలువైన సరుకు ఒప్పందాలకు రాత ఉండాలన్నది సాధారణ నియమం. మినహాయింపులు లాయరును అడగండి. మీ వీసా మీద వ్యాపారం చేయవచ్చా అన్నది కూడా ఆయన దగ్గరే తేల్చుకోండి.

యజమానికి ఈ వారమే ఈమెయిలు పెట్టండి. ఏసీ బాధ్యత వారిదనీ, రెండేళ్లకు ఖాళీ చేసే హక్కు మీకుందనీ లీజులోనే చేర్చమనండి. వ్యక్తిగత హామీ పూర్తిగా తీసేయరు, ఆశపడకండి. అద్దె బకాయి లేకుండా ఖాళీ చేసి తాళాలు అప్పగించిన రోజుతో హామీ ముగిసేలా రాయమనండి. న్యూయార్క్‌లో దీన్ని గుడ్ గై గ్యారంటీ అంటారు. కాదంటే కనీసం ఆరు నెలల అద్దెకు పరిమితం చేయమనండి. మరొక సంగతి మీరు గమనించినట్లు లేదు. మీ చిత్తుప్రతిలోని హామీ పేజీలో మీ సంతకం గీత కింద ఇంకో గీత ఉంది, దాని కింద మీ శ్రీమతి పేరు టైపు చేసి ఉంది. షాపులో వాటా లేని ఆమె ఉద్యోగం మీదనే ఇప్పుడు మీ ఇల్లు నడుస్తోంది. ఆ పేరు కొట్టేయించి, కొత్త ప్రతి చేతికి వచ్చాక నాకు మళ్లీ పంపండి. అంతవరకు అడ్వాన్సు చెక్కు కూడా ఇవ్వకండి.