అబే, పుతిన్ చర్చల్లో జపాన్‌కి గ్యాస్ మిగిలింది, దీవులు రాలేదు

"జపాన్ ప్రధానిగా ఉన్నప్పుడు షింజో అబే, రష్యా అధ్యక్షుడు పుతిన్ ఇరవై సార్లకు పైగా కలిశారు కదా, దీవుల సంగతీ గ్యాస్ సంగతీ కలిపి మాట్లాడారు కదా, చివరికి జపాన్‌కి ఏం ఒరిగింది?" అని అడిగారు. నేను టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఇక్కడి నుంచి చూసింది చెబుతాను.

గొడవంతా జపాన్ ఉత్తరపు కొసనున్న హొక్కైడో పక్కనున్న నాలుగు దీవుల గురించి: ఎతొరొఫు, కునాషిరి, షికొతాన్, హబొమాయి. 1945లో సోవియట్ సైన్యం తీసేసుకుంది. అక్కడుండే 17 వేల మంది దాకా జపనీయులు ఇల్లూ వాకిలీ వదిలి రావాల్సి వచ్చింది. శాంతి ఒప్పందం కుదిరాక చిన్నవి రెండూ, అంటే షికొతాన్, హబొమాయి ఇచ్చేస్తామని 1956లో మాస్కో రాసిచ్చింది. ఆ ఒప్పందం ఇప్పటికీ కుదరలేదు.

హొక్కైడో తూర్పు చివరనున్న నెమురో అనే ఊరు వెళ్తే ఇది ఎంత దగ్గరి వ్యవహారమో అర్థమవుతుంది. ఊరి చివర నోసప్పు దగ్గర నిలబడితే రష్యా చేతిలో ఉన్న మొదటి దీవి 3.7 కిలోమీటర్లే, పొగమంచు లేని రోజున దాని మీది లైట్‌హౌస్ తెలిసిపోతుంది. ఊళ్ళో దారి చూపే బోర్డుల మీద రష్యన్‌లో కూడా రాసి ఉంది, పీతలు తెచ్చే రష్యా పడవలవాళ్ళ కోసమట. మళ్ళీ అదే ఊళ్ళో "మా దీవులు మాకిచ్చేయండి" అని పెద్ద పెద్ద హోర్డింగులు!

2016 మేలో రష్యాలోని సోచిలో అబే ఎనిమిది అంశాల ఆర్థిక సహకార ప్లాన్ ఇచ్చారు, అందులో ఇంధనం ఒకటి. డిసెంబర్‌లో పుతిన్‌ని తన సొంత ప్రాంతం నగాతోకి పిలిచి వేడినీటి బుగ్గల హోటల్లో మర్యాదలు చేశారు. 2018లో సింగపూర్‌లో 1956 ప్రకటన ఆధారంగా ముందుకెళ్దాం అనుకున్నారు. అంతే. 2020లో భూభాగం వదులుకోకూడదని రష్యా రాజ్యాంగంలోనే రాసుకుంది, 2022 మార్చిలో యుక్రెయిన్ యుద్ధం వల్ల జపాన్ పెట్టిన ఆంక్షల కోపంతో చర్చల నుంచే తప్పుకుంది.

నా లెక్కలో బేరం మొదట్లోనే తేడా కొట్టింది. గ్యాస్ అమ్ముకోవడానికి రష్యా దీవులు ఇవ్వక్కర్లేదు, కొనడానికి జపాన్ ఆగే పరిస్థితీ లేదు. 2011 ఫుకుషిమా తర్వాత అణు రియాక్టర్లు మూతపడి ఎల్ఎన్‌జీ (ఓడల్లో తెచ్చే ద్రవరూప సహజవాయువు) మీద ఆధారం ఇంకా పెరిగింది, పైగా హొక్కైడోకి ఉత్తరాన ఉన్న రష్యా దీవి సఖాలిన్ నుంచి ఓడ కొద్ది రోజుల్లోనే వచ్చేస్తుంది, గల్ఫ్ నుంచైతే వారాలు. ఇక ఇచ్చిన దీవుల మీద అమెరికా సైన్యం దిగుతుందేమోనన్న అనుమానం మాస్కోకి ఎప్పుడూ ఉంది. దాన్ని ఏ పెట్టుబడి తీరుస్తుంది చెప్పండి?

అందుకే 2022లో షెల్ కంపెనీ సఖాలిన్-2 గ్యాస్ ప్రాజెక్టు వదిలి వెళ్ళిపోయినా జపాన్ కంపెనీలు మిత్సుయి 12.5 శాతం, మిత్సుబిషి 10 శాతం వాటాలతో అక్కడే ఉండిపోయాయి. ఆంక్షలు పెడుతూనే గ్యాస్ కొంటున్నారని ఇక్కడ తిట్టేవాళ్ళున్నారు, నాకు మాత్రం అది తప్పనిపించదు, చలికాలంలో ఇక్కడ హీటర్ లేకుండా ఒక్క రాత్రి గడిపి చూడమనండి. ఆ మాటకొస్తే పక్కనే ఉన్న చమురు ప్రాజెక్టు సఖాలిన్-1లో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కి 20 శాతం వాటా ఉంది, మనవాళ్ళూ వదులుకోలేదు.