ఫెలోషిప్ ఆగిపోతోంది, స్థలం కొనాలా?

ప్రశ్న: నా వయసు 31. మాది అనంతపురం. బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నా. రాయచూరు జిల్లా పల్లెల్లో గర్భిణులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా ఎలా చేరుకుంటున్నారన్నది నా పరిశోధన. సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000, అద్దె భత్యంతో కలిపి 54 వేలు వస్తోంది. ఇంకో 8 నెలల్లో ఐదేళ్లూ పూర్తయి అదీ ఆగిపోతుంది. అద్దె 15 వేలు, తిండీ తిరుగుడూ 13 వేలు, ఇంటికి 8 వేలు. బ్యాంకులో 2.10 లక్షలున్నాయి; ఫీల్డ్ ఖర్చులు కూడా అందులోంచే పెట్టి తర్వాత బిల్లు పెట్టుకుంటున్నా. ఊళ్లో 12 లక్షలకు స్థలం వచ్చింది. ఉన్నదానికి కొంత కలిపి 3 లక్షలు కట్టేద్దాం, మిగతాది లోను తీసుకుందాం అంటున్నారు నాన్న. ఆయనకు 71 ఏళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: స్థలం ఇప్పుడు వద్దు. ఫెలోషిప్‌ను జీతంగా లెక్కగట్టడానికి బ్యాంకులు వెనకాడతాయి. నాన్నగారి వయసుకు పదేళ్ల లోను పుట్టదు. చివరికి బయట వడ్డీకి తేవాల్సి వస్తుంది. నూటికి 2 రూపాయల వడ్డీ అనుకున్నా 9 లక్షలకు నెలకు 18,000 వడ్డీకే పోతుంది. మీకు నెలకు మిగిలేదీ సరిగ్గా అంతే. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, అంటే ఇంకో 90 వేలు వేరే.

ఎస్‌ఆర్‌ఎఫ్ ఆగిన రోజుకూ మొదటి జీతం అందే రోజుకూ మధ్య ఉండే ఖాళీయే మీ దారిలో అసలు గండం. థీసిస్ ఇచ్చాక పరీక్షకుల నివేదికలు రావాలి, వైవా (మౌఖిక పరీక్ష) కావాలి, ఆపైన నోటిఫికేషన్లు, ఇంటర్వ్యూలు. ఏడాది ఇట్టే గడిచిపోతుంది. ఈ 8 నెలలూ 18 వేల చొప్పున పక్కన పెడితే 1.44 లక్షలు, ఉన్నదాంతో కలిపి 3.54 లక్షలు. నెలకు 36 వేల ఖర్చుతో అది పది నెలలకు కాస్త తక్కువే వస్తుంది. థీసిస్ ఇచ్చేశాక గది ఖాళీ చేసి అనంతపురం వెళ్లిపోతే 21 వేలతో గడుస్తుంది, అదే డబ్బు 16 నెలలు దాటి వస్తుంది. ఈ సొమ్మును షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో పెట్టకండి. 36 వేల చొప్పున విడివిడిగా ఎఫ్‌డీలు వేయండి. ఏ నెలకు ఆ నెల ఒకటి తీసుకుంటే మిగతావాటి వడ్డీ చెక్కుచెదరదు.

ఇక ఫీల్డ్ డబ్బు. మీలాంటి వాళ్ల చేతిలోంచి తెలియకుండా జారిపోయేది ఇదే. దీనికి వేరే ఖాతా తెరిచి 40 వేలు వేయండి, అంతకు మించి సొంతంగా పెట్టొద్దు. వీలుంటే వెళ్లేముందే సంస్థను అడ్వాన్సు అడగండి. బస్సులో మెషిన్ టికెట్టు మీద అక్షరాలు కొన్ని వారాలకే వెలిసిపోతాయి. ఆడిట్‌లో తెల్ల కాగితం చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు. అందుకని ఆ సాయంత్రమే జిరాక్స్ తీయించి, అసలు టికెట్టును దానికి పిన్ చేసి, తేదీ, ఎక్కిన ఊరు, దిగిన ఊరు పెన్నుతో రాయండి. ఆటో అతను బిల్లు ఇవ్వడు. ఒక చీటీ మీద పేరు, బండి నంబరు, మొత్తం రాయించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. సర్వేకు సాయం చేసిన వాళ్లకు నగదుగా 5,000 దాటి ఇస్తే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేయించాలి. ఇది లేదని బిల్లు వెనక్కి వస్తే మళ్లీ ఆ పల్లెకు పోవడానికి ఇంకో వెయ్యి అవుతుంది. క్రెడిట్ కార్డుతో సర్దుకోవడం వద్దే వద్దు. బిల్లు డబ్బులు నెలల తర్వాత వస్తాయి, కార్డు వడ్డీ మాత్రం నెలకు 3 శాతం పైనే నడుస్తుంది.

యూనివర్సిటీ ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్ విద్యార్థిగా ఉన్నంత వరకే. ఇప్పుడే సొంతంగా 5 లక్షల పాలసీ తీసుకోండి. ముందు నుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాలి కాబట్టి ఆ గడియారం త్వరగా మొదలవడం మేలు. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. నాన్నగారికి 70 దాటాయి కనుక ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స వస్తుంది, కార్డు చేయించండి. కార్డు ఉండటం వేరు, ఆస్పత్రి అందుబాటులో ఉండటం వేరని మీకు వేరే చెప్పక్కర్లేదు. అనంతపురంలో ఏ ఆస్పత్రి ఏ చికిత్సకు ఈ పథకంలో ఉందో ఇప్పుడే చూసిపెట్టుకోండి.

పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతా తెరిచి ఏడాదికి 500 వేస్తూ ఉండండి. 15 ఏళ్ల గడువు లెక్క మొదలవుతుంది, జీతం వచ్చాక పెంచుకోవచ్చు.

ఫెలోషిప్ ఉండగా బయట కన్సల్టెన్సీ చేయొద్దు. నిబంధనలు ఒప్పుకోవు, తీసుకున్నది వెనక్కి కట్టమనొచ్చు. ఆ తర్వాత ఏ స్వచ్ఛంద సంస్థో 70 వేలు ఇస్తామంటే, ఉద్యోగిగానా కన్సల్టెంటుగానా అని ముందే అడగండి. కన్సల్టెంటుగా అయితే 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పోగా 63 వేలే చేతికొస్తాయి, పీఎఫ్ ఉండదు. ఏడాదికి 8.4 లక్షలే కాబట్టి కొత్త ఆదాయపు పన్ను విధానంలో పన్ను పడదు. కోసుకున్న 84 వేలు రిటర్ను వేస్తే తిరిగి వస్తాయి. వేయకపోతే రావు.

అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చినప్పుడు మూల వేతనమే 57,700. దాని మీద డీఏ ఉంటుంది, లోను ఇవ్వడానికి బ్యాంకే పిలుస్తుంది. స్థలం సంగతి నాన్నగారితో అప్పుడు మాట్లాడండి. ఈలోగా పరిశోధన ఖర్చులకిచ్చే కంటిన్‌జెన్సీ గ్రాంటులో ఎంత మిగిలిందో ఈ వారమే ఆఫీసులో అడిగి, మీ దగ్గరున్న బిల్లులన్నీ మార్చి 31 లోపే ఇచ్చేయండి.