లంక మేతకు ఝట్కా కంచె: వేసవిలో ఎర్తు, వానల్లో గడ్డి

ప్రశ్న: పి.గన్నవరం దగ్గర లంకలో మాకు ఎకరంన్నర నేపియర్ గడ్డి, ఏడు గేదెలు ఉన్నాయి. అవి మేతలో పడకుండా చుట్టూ రెండు వరుసల సోలార్ ఝట్కా కంచె వేయించాము. వేసవిలో గేదెలు తీగను లెక్కచేయలేదు, వానలు పడ్డాక షాక్ మరీ తగ్గింది. మెషిన్ మార్చాలా? మోటారు కరెంటు కలిపితే సరిపోతుందని ఒకరు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాడి రైతు

జవాబు: మోటారు కరెంటును ఎట్టి పరిస్థితిలోనూ తీగకు కలపకండి. ఝట్కా మెషిన్ వేల వోల్టుల దెబ్బను సుమారు సెకనుకు ఒకసారి, అదీ సెకనులో నూరో వంతు కూడా లేని వ్యవధిలో ఇచ్చి ఆగుతుంది కనుక, తగిలిన పశువైనా మనిషైనా వెనక్కి తగ్గగలుగుతారు. 230 వోల్టుల లైను కరెంటు ఆగకుండా పారి కండరాలను బిగించేస్తుంది, పట్టుకున్న చెయ్యి వదలదు. రాత్రివేళ నీరు పెట్టడానికి వెళ్లిన రైతులే ఇలాంటి తీగలకు బలైపోతున్నారు. అది చట్టరీత్యా నేరం కూడా.

మీ మెషిన్ మార్చనవసరం ఉండకపోవచ్చు. మీ కంచె చుట్టుకొలత రమారమి మూడు వందల మీటర్లు, దానికి ఒక జౌలు (దెబ్బలోని శక్తికి కొలత) అవుట్‌పుట్ చాలు. కొనేటప్పుడు పెట్టె మీది వోల్టుల కంటే ఈ జౌళ్ల లెక్కే చూడాలి. గేదెకు తీగలు నేల నుంచి 50, 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే సరిపోతుంది.

వేసవిలో లోపం ఎర్తుదని నా అభిప్రాయం. తీగలోని కరెంటు గేదె ఒంట్లోంచి నేలలోకి దిగి, ఎర్తు కడ్డీ (మెషిన్‌కు కలిపి నేలలో పాతే ఇనుప కడ్డీ) ద్వారా మెషిన్‌కు తిరిగి చేరితేనే దెబ్బ తగులుతుంది. లంక ఇసుక పైపొర ఎండిపోతే ఆ దారి తెగిపోతుంది. రెండు మీటర్ల జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుము) కడ్డీలు మూడింటిని, మూడేసి మీటర్ల ఎడంతో, తడి తగిలేదాకా దింపి, ఒకే తీగతో బిగించి కలపండి. ఇంటి ఎర్తుకు, మోటారు ఎర్తుకు ఇవి కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి.

వానల్లో దోషం గడ్డిది. తడి గడ్డి పోచ తీగను తాకిన ప్రతిచోటా కొంత కరెంటు నేలకు పోతుంది, మన నేలలో గడ్డి వారానికే తీగను అందుకుంటుంది. చీకటి పడ్డాక టార్చి ఆర్పి కంచె వెంట నడవండి: "టిక్కు టిక్కు" మని వినిపించి, నీలిరంగు మెరుపు చిమ్మినచోట ఇన్సులేటర్ పగిలి ఉంటుంది, లేదా ఆకు ఆనుకుని ఉంటుంది. సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టిన సరుగుడు కర్రలు తడిస్తే కరెంటు ఆపలేవు, పింగాణీ ఇన్సులేటర్లే వాడండి. గడ్డి కోసేముందు మెషిన్ ఆపండి. కోశాక మళ్లీ ఆన్ చేసి, కంచె వోల్టులు కొలిచే టెస్టరుతో చివరి కర్ర దగ్గర చూస్తే మూడు వేల వోల్టులకు తగ్గకూడదు.

కింది తీగకు వేరే స్విచ్చి పెట్టించుకుంటే, వరద నీరు లంకలోకి ఎక్కినప్పుడు దానిని మాత్రం ఆపుకోవచ్చు. నీరు ఇంకా పెరిగేలా ఉంటే మెషిన్‌ను, బ్యాటరీని విప్పి గట్టు మీదికి చేర్చండి. వరద తీశాక ఇన్సులేటర్లకు పట్టిన ఒండ్రును కడిగి, ఆరిన తరువాతనే తిరిగి ఆన్ చేయండి.