క్యాంపుకు వెళ్తున్న చిన్నాకు

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

ప్రో కబడ్డీ క్యాంపుకు నిన్ను పిలిచారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కనిపించినవాళ్లందరికీ స్వీట్లు పంచాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తిండి, నిద్ర, టైముకు ప్రాక్టీసు నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిదో తెలిసినవాళ్ల చేత చదివించుకో. మొదటి సీజనంతా బెంచీ మీదే కూర్చోబెట్టొచ్చు. ఆ రాత్రుల్లో ఫోన్‌లో కామెంట్లు చదవకు.

నీ ఆట గురించి ఒక మాట. నిన్ను ఎవడైనా పట్టుకుంటే, తర్వాతి కూతలో మళ్లీ వాడి మీదికే పోతావు. జిల్లా పోటీల్లో ఆ లెఫ్ట్ కార్నర్ కుర్రాడు నీ చీలమండ దొరకబుచ్చుకున్నాడు. ముఖం ఎర్రగా చేసుకుని మళ్లీ అటే వెళ్లావు, మళ్లీ దొరికావు. ఊళ్లో దాన్ని పౌరుషం అన్నారు. అక్కడ ప్రతి టీమూ నీ వీడియోలు ముందేసుకుని కూర్చుంటుంది. కోపమొస్తే నువ్వు ఎటు పోతావో నీకంటే ముందు వాళ్లకు తెలిసిపోతుంది. రెండు రైడ్లు ఖాళీగా వచ్చాక మూడోది డూ ఆర్ డై, 30 సెకన్లలో పాయింటు తేకపోతే నువ్వే ఔట్. అప్పుడు నీ కళ్లు ఎవరిని వెతుకుతున్నాయో నువ్వే కనిపెట్టుకోవాలి.

ఇక అసలు సంగతి. మీ నాన్న గోడ పట్టుకుని, పక్కకు తిరిగి మెట్లు దిగుతాడు కదా. వయసు అనుకుంటున్నావేమో. ఆ మోకాలు నీ వయసులోనే పోయింది. సంక్రాంతి టోర్నమెంటు సెమీఫైనల్లో కోర్టు పక్క అంచున ఉండే లాబీ దగ్గర కాలు మెలితిరిగి పడ్డాడు. లోపల టక్కుమన్న చప్పుడు తనకు వినిపించిందట. ఆ ముక్క నాతో చాలా ఏళ్ల తర్వాత అన్నాడు. ఆ రోజు మాత్రం "బెణికిందన్నయ్యా, ఏం లేదు" అంటూ తువ్వాలు బిగించి కట్టుకుని, స్ప్రే కొట్టించుకుని ఫైనల్ ఆడాడు. నెల తిరిగేలోగా స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్ ఉన్నాయి. కుంటుతున్నాడని తెలిస్తే లిస్టులోంచి పేరు కొట్టేస్తారని వాడి బెంగ. ఫైనల్లో కూతకు వెళ్లి వెనక్కి తిరుగుతూ కుప్పకూలాడు. లిగమెంట్ పూర్తిగా తెగింది. ట్రయల్స్ రోజున మంచంలో ఉన్నాడు. కప్పు మాత్రం గెలిచాం, మీ నాయనమ్మ అందులో వక్కలు పోసుకునేది.

ఊరంతా వాడిది మొండి ధైర్యం అంది. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది ధైర్యం కాదురా, చోటు పోతుందేమోనన్న భయం. నువ్వేమీ తక్కువ తినలేదు. వేలు విరిగితే చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగినవాడివి.

2022 ప్రో కబడ్డీ వేలంలో స్టార్ రైడర్ పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ జట్టువాళ్లు 2.26 కోట్లకు కొన్నారు. తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజనంతా ఆటకు దూరమయ్యాడు. మరుసటి ఏడాది మన తెలుగు టైటాన్స్ అతనికి 2.605 కోట్లు పెట్టారు. "ఆయన పవన్, నాకోసం ఎవరు ఆగుతారు" అంటావు. నిజమే, ఆగరు. అందుకే నువ్వు ఇంకా ముందే నోరు విప్పాలి. వారం విశ్రాంతితో పోయేదాన్ని ఆపరేషన్ దాకా తెచ్చుకోకు. పైగా మన మట్టిలో కాలు కాస్త జారుతుంది, మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. ఒళ్లు నొప్పులైతే ఓర్చుకో. కీలు వాచినా, మెట్టు దిగుతుంటే కాలు పట్టు తప్పినా ఆ రోజే ఫిజియోకు చెప్పు.

ఈ కథ నేను చెప్పానని మీ నాన్నతో అనకు, అలుగుతాడు. మీ పెద్దమ్మ సున్నుండలు చుడుతోంది. డైటీషియన్ వద్దంటే రూమ్మేట్లకు పెట్టు. చేరగానే ఫోన్ చెయ్యి, ముందు వాడికి, తర్వాత నాకు.

మీ పెదనాన్న