డబ్లిన్‌లోని క్రైస్ట్ చర్చ్ ఎవరిది?

ప్రశ్న: ఐర్లండ్‌లో క్యాథలిక్కులే అధికం కదా! మరి డబ్లిన్ నడిబొడ్డున ఉన్న పురాతన క్రైస్ట్ చర్చ్ క్యాథడ్రల్ ప్రొటెస్టెంట్లదని అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి చెబుతున్నాడు. అది మొదటినుంచీ వారిదేనా?

జవాబు: కాదు. డబ్లిన్‌ను ఏలిన నార్స్ (వైకింగ్) రాజు సిట్రిక్, తొలి బిషప్పు డూనాన్‌తో కలిసి 1030 ప్రాంతంలో ఈ క్యాథడ్రల్‌ను, అంటే బిషప్పు పీఠమున్న ఆలయాన్ని, నెలకొల్పారు. 1163లో ఆర్చిబిషప్పు లారెన్స్ ఓటూల్ ఇక్కడ అగస్టీనియన్ మఠ నియమాన్ని ప్రవేశపెట్టారు. ఇంగ్లండ్ నుంచి ఆంగ్లో-నార్మన్లు వచ్చాక ఇప్పటి రాతి కట్టడం మొదలైంది. సుమారు అయిదు వందల ఏళ్లపాటు ఈ ఆలయం పోపుకు విధేయంగానే ఉంది.

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ పోపుతో తెగతెంపులు చేసుకున్న తరువాత, 1538లో, ఇక్కడ భక్తులు ఎంతో పవిత్రంగా భావించిన ‘యేసు దండా’న్ని (యేసుదని నమ్మిన చేతికర్రను) తగులబెట్టారు. మరుసటి ఏడు మఠాన్ని రద్దుచేసి డీన్ (క్యాథడ్రల్ బాధ్యతలు చూసే ప్రధాన గురువు) పాలనలోని క్యాథడ్రల్‌గా మార్చినప్పుడు, మఠానికి చివరి అధిపతి అయిన రాబర్ట్ పేన్స్‌విక్‌నే తొలి డీన్‌గా నియమించారు. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకం ఇదే: మార్పు సింహాసనం నుంచి వచ్చిందే తప్ప భక్తుల నుంచి కాదు. 1551 ఈస్టర్ నాడు ఐర్లండ్‌లో తొలిసారిగా ఆంగ్ల ప్రార్థనా గ్రంథంతో ఆరాధన జరిగింది ఇక్కడే. క్యాథలిక్ అయిన మేరీ రాణి కాలంలో క్యాథలిక్కుల దివ్యబలిపూజ తిరిగి వచ్చింది. ప్రొటెస్టెంట్ అయిన ఎలిజబెత్ రాణి రాగానే మళ్లీ పోయింది. మేరీ హయాంలో క్యాథలిక్ ఆర్చిబిషప్పుగా వచ్చిన హ్యూ కర్విన్, ఎలిజబెత్ ప్రొటెస్టెంట్ ఏర్పాటునూ అంగీకరించి 1567 దాకా అదే పీఠంలో కొనసాగారు. నగర ప్రజల్లో అత్యధికులు మాత్రం పాత విశ్వాసాన్ని వదలలేదు.

1650లలో, ఇంగ్లండ్‌లో రాచరికాన్ని తొలగించిన క్రామ్‌వెల్ వర్గం పాలనలో, ఆంగ్లికన్ (ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ శాఖ) ప్రార్థనా గ్రంథాన్నే నిషేధించారు. రాచరికం తిరిగి రావడంతో ఆంగ్లికన్ ఆరాధన కూడా తిరిగి వచ్చింది. 1689లో క్యాథలిక్ రాజు రెండో జేమ్స్ డబ్లిన్‌కు వచ్చినప్పుడు మళ్లీ బలిపూజ జరిగింది. మరుసటి ఏడు బోయిన్ యుద్ధంలో ఆయన ఓడిపోవడంతో అది ఆగిపోయింది. ఆ పూజకు వాడిన మందసం (దివ్యప్రసాదాన్ని ఉంచే పెట్టె), విజేత మూడో విలియమ్ కానుకగా ఇచ్చిన బంగారు పూత పాత్రలు రెండూ నేలమాళిగలో ఉన్నాయి. మీ అబ్బాయి తప్పక చూడాలి.

అప్పటినుంచి క్రైస్ట్ చర్చ్ ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ చేతిలోనే ఉంది. క్యాథలిక్కులు దీన్ని తిరిగి పొందలేక, 1825లో పూజలు మొదలైన సెయింట్ మేరీస్‌ను ‘ప్రో-క్యాథడ్రల్’ పేరుతో, అంటే తాత్కాలిక క్యాథడ్రల్‌గా 2025 వరకు వాడుకోవలసి వచ్చింది. జనసంఖ్యలో అంత పెద్ద సమాజానికి అది నిజంగా బాధాకరమైన స్థితి. 1869 చట్టం ద్వారా, 1871 నుంచి చర్చ్ ఆఫ్ ఐర్లండ్ ప్రభుత్వ మతసంస్థ హోదాను కోల్పోయింది, కానీ వాడుకలో ఉన్న ఆలయాలను మాత్రం ఆ చట్టం దానికే ఉంచింది. అందువల్లనే క్రైస్ట్ చర్చ్ నేటికీ వారిదే.