గ్రూపు ఫోటోలో పైవరుస

పోయిన సంచికలో మాటవరసకి ‘మీ పదో తరగతి వీడ్కోలు రోజు గుర్తుందా’ అని అడిగాను. అడగడమే ఆలస్యం, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, ఒకాయన అయితే ఏకంగా తన పాత ఆటోగ్రాఫ్ పుస్తకమే పోస్టులో పంపించారు (భద్రంగా తిప్పి పంపిస్తాను సార్, కంగారు పడొద్దు). అన్నింటికీ జవాబు రాసేంత చోటు లేదు. పక్కన పెట్టబుద్ధి కాని ఐదు మాత్రం తీసుకున్నా.

అక్కా, మా పాప ఇక్కడ ప్రైవేటు స్కూల్లో టెన్త్. ఫేర్‌వెల్‌కి మనిషికి 1,800 కట్టమన్నారు. ఆడపిల్లలకి చీర, మగపిల్లలకి కోటు, ఫోటోల టైముకి అందరికీ నల్ల గౌను, టోపీ అద్దెకి తెస్తారంట. డీజే ఉంది, డ్రోన్ ఉంది. మా ఆయనేమో ‘మా రోజుల్లో మిక్చరు పొట్లంతో అయిపోయింది, ఏందీ సంబడం’ అని కసురుతున్నాడు. పాప రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. నేను ఎవరి వైపు మాట్లాడాలి? — ఒక అమ్మ, ఒంగోలు

ముందు పాపకి అన్నం పెట్టండమ్మా, గౌను సంగతి తర్వాత చూద్దాం.

మీ ఆయన చెప్పే మిక్చరు పొట్లం కూడా ఊరికే రాలేదు. మా బడిలో తొమ్మిదో తరగతి వాళ్లు తలా మూడు రూపాయలు వేసుకుని టెన్త్ వాళ్లకి పార్టీ ఇచ్చేవాళ్లు. మిక్చరు, ఒక లడ్డు, అరటిపండు, స్టీలు గ్లాసులో రోజ్‌మిల్క్. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు మా క్లాసులో ఐదారుగురికి ఆ రోజే కడుపునొప్పి వచ్చింది. మూడు రూపాయలు లేక వచ్చిన కడుపునొప్పి అని అప్పుడు నాకు తెలీలేదు. కాబట్టి ‘మా రోజుల్లో అంతా బాగుండేది’ అంటే నేను ఒప్పుకోను. ఇప్పుడు 1,800 కట్టలేని పిల్లకీ ఆ రోజుకి కడుపునొప్పే వస్తుంది, అంతే తేడా.

ఇక గౌను. అది చలిదేశాల్లో, వందల ఏళ్ల కిందట యూరప్ విశ్వవిద్యాలయాల్లో, మతగురువుల చదువులు చదివేవాళ్లు చలికి తొడుక్కున్న అంగీ. మన యూనివర్సిటీల్లోనే కొన్ని దాన్ని వదిలేసి ఉత్తరీయానికి మారాయి. అలాంటిది ఒంగోలు ఎండలో నల్లగుడ్డ కప్పుకుని పిల్లలు చెమటలు కక్కాలా? ఇప్పుడు యూకేజీ పిల్లలకి కూడా వేయిస్తున్నారు, ఆ టోపీ కళ్ల మీదికి జారి, దారి కనపడక, వాళ్లు స్టేజీ మీద ఏడవడం నేను చూశాను. నలుగురు తల్లులు కలిసి వెళ్లి ‘గౌనూ డ్రోనూ తీసేయండి, ఎంత తగ్గుతుందో చెప్పండి’ అని అడగండి. ఒక్కరే పోతే మీరొక్కరే ఇవ్వలేక అడుగుతున్నారనుకుంటారు. నలుగురు పోతే బేరం కుదురుతుంది. చీర మాత్రం వద్దనకండి. కొత్తది కొననక్కర్లేదు, బీరువాలో మీ వెంకటగిరి చీర ఒకటి ఉండే ఉంటుంది కదా, అది కట్టి పంపండి. పిన్నులు ఎక్కువ పెట్టండి, డీజే ఉందన్నారు.

అమ్మా, నాకు 74 ఏళ్లు. పోయిన మే నెలలో మనవడి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ చూడ్డానికి డల్లాస్ పోయినాను. స్టేడియం నిండా జనం. ఒక్కొక్క బిడ్డ పేరూ మైకులో పిలిచి చేతికి పట్టా ఇచ్చారు. టోపీకి వేలాడే కుచ్చు కుడివైపు నుంచి ఎడమవైపుకి మార్చుకున్నారు, ఆఖర్న టోపీలన్నీ ఒకేసారి పైకి విసిరారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. 1967లో నేను ఎస్సెస్సెల్సీ పాసయ్యానని చెబితే మా నాయన ‘మంచిది, రేపు పొద్దున నీళ్లు కట్టాల, పొలానికి రా’ అన్నాడు. మనకెందుకు లేదమ్మా అట్లాంటి పండగ? — ఒక రైతు, కావలి

బాబాయ్ గారూ, మీ నాయన గారు అంతకన్నా ఏమన్నా మీరు నమ్మేవాళ్లు కాదేమో! ‘మంచిది’ అన్నారు కదా, ఆ రోజుల్లో అదే పెద్ద సన్మానం.

మనకి పండగ చేసుకోవడం రాక కాదు, అక్కడి లెక్క వేరు. వాళ్ల హైస్కూలు పన్నెండో తరగతి దాకా, అంటే మన ఇంటర్‌తో సమానం. పట్టా ఇచ్చేదీ ఆ స్కూలు వాళ్లే, ఎవరికి ఎన్ని క్రెడిట్లు వచ్చాయో, ఎవరు గట్టెక్కారో ముందే వాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి వరసగా పేర్లు పిలవగలరు. మన పదో తరగతి అలా కాదు. పరీక్ష పెట్టేది గవర్నమెంటు. సెంటరు చాలామందికి ఇంకో బడిలో పడుతుంది. పేపర్లు ఎక్కడో ఎవరో దిద్దుతారు. ఫలితాలొచ్చేసరికి ఎండాకాలం సెలవులు, పిల్లలు అమ్మమ్మ ఊళ్లలో ఉంటారు. ఇక బడికి మళ్లీ వచ్చేది టీసీ కోసం, అదీ ఒక్కొక్కరే, క్లర్కు గది కిటికీ ముందు నిలబడి సంతకం పెట్టి కాయితం తీసుకుని పోవడమే. అందరూ కలిసి ఉండే ఆఖరి రోజు మనకి పరీక్షలకి ముందే వచ్చేస్తుంది. అందుకే మన వీడ్కోలు సభలో హెడ్మాస్టరు గారు ఒకపక్క ఆశీర్వదిస్తూనే ఇంకోపక్క ‘హాల్ టికెట్ మర్చిపోవద్దు, రెండు పెన్నులు పెట్టుకోండి’ అని చెబుతుంటారు.

టోపీల సంగతి అడగలేదు గానీ చెబుతాను, నాకు ఇష్టమైన ముచ్చట. ఆ విసరడం మొదలైంది 1912లో, అమెరికా నేవల్ అకాడమీలో అంటారు. అప్పటిదాకా అక్కడ చదువు పూర్తయినా ఇంకో రెండేళ్లు శిక్షణ ఉండేది, ఆ టోపీ అవసరం పడేది. ఆ ఏడు నుంచి చదువు అయిపోగానే ఆఫీసర్లు అయిపోయారు, కొత్త టోపీలొచ్చాయి, పాతవి గాల్లోకి ఎగిరాయి. ఇది చదివినప్పుడు నాకు మన ఇంకు గుర్తొచ్చింది. ఆఖరి పరీక్ష రాసి సెంటరు గేటు దాటగానే పెన్ను విదిలించి ఒకరి చొక్కా మీద ఒకరు ఇంకు చల్లుకునేవాళ్లు కదా, అదీ అంతే, ఈ చొక్కాతో ఇక పని లేదు అని. మా ఇంట్లో మాత్రం పని ఉంది. మా అన్న ఇంకు మరకలతో వస్తే అమ్మ రెండు తగిలించింది, ఎందుకంటే ఆ చొక్కా తమ్ముడికి రావాలి. సున్నం రుద్దింది, నిమ్మకాయ రుద్దింది, పోలేదు. వాడు ఏడాదంతా వీపు మీద నీలి మచ్చలతోనే బడికి పోయాడు, ‘నువ్వప్పుడే టెన్త్ రాసేశావా’ అని మేమంతా వాణ్ణి ఏడిపించేవాళ్లం.

ఇప్పటి పిల్లలు రంగులు చల్లుకుంటున్నారు, మార్కర్లతో చొక్కా మీద సంతకాలు చేయించుకుంటున్నారు. ఆటోగ్రాఫ్ పుస్తకం కొనక్కర్లేదు, ఖర్చు తక్కువ. బాగానే ఉంది.

మేడమ్, స్లామ్ బుక్కూ ఆటోగ్రాఫ్ బుక్కూ ఒకటేనా? మా అమ్మ ఒకటే అంటోంది. — ఇంటర్ విద్యార్థిని, గూడూరు

కాదు. ఆటోగ్రాఫ్ పుస్తకంలో గులాబీ, పసుపు, పచ్చ కాయితాలుంటాయి, అందులో ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు, ఎక్కువగా కవిత్వం, ఎక్కువగా చెడ్డ కవిత్వం. స్లామ్ బుక్కులో ప్రశ్నలు ముందే అచ్చువేసి ఉంటాయి: ఇష్టమైన హీరో, ఇష్టమైన రంగు, నా గురించి ఏమనుకుంటున్నావు. ఆ చివరి ప్రశ్న కోసమే మిగతావన్నీ. మీ అమ్మగారి పుస్తకం అడిగి చూడండి, ఇవ్వకపోతే అది స్లామ్ బుక్కే.

అక్కా, మాది 2020 బ్యాచ్. ఫేర్‌వెల్ అయింది, గ్రూపు ఫోటో దిగాం, పరీక్షలు మాత్రం రాయలేదు. ఇప్పటికీ ఎక్కడికి పోయినా ‘ఓ, కరోనా బ్యాచ్ ఆ’ అని నవ్వుతారు. మాకు ఆఖరి రోజు అనేదే లేదు. మేము చదివినట్టా చదవనట్టా? — ఒక పాఠకుడు, నెల్లూరు

చదివినట్టే నాయనా. ఆ ఏడు మార్చిలో జరగాల్సిన పరీక్షలు లాక్‌డౌన్‌తో వాయిదా పడీ పడీ జూన్‌లో రద్దయ్యాయి, అందర్నీ పాస్ చేశారు. మీ తర్వాతి బ్యాచ్‌కీ అంతే. అందులో మీ తప్పేముంది? నవ్వేవాళ్లని ఒక్కటి అడుగు: హిందీలో ఎన్ని వచ్చాయి అని. మిగతా సబ్జెక్టులకి 35 రావాలి, హిందీకి 20 చాలు, ఆ ఇరవైతో బయటపడ్డ మహానుభావులే వాళ్లలో చాలామంది ఉంటారు.

ఇంకో సంగతి, మీ గ్రూపు ఫోటో ఒకసారి తీసి చూడు. అందులో వేలు పెట్టి చూపించి ‘వీడు తప్పాడు’ అనడానికి ఒక్కడు కూడా లేడు. అలాంటి ఫోటో మా బ్యాచ్‌కి లేదు, మీ నాన్న బ్యాచ్‌కీ ఉండదు.

మేడమ్ గారూ, నేను 1996లో టెన్త్ లెక్కల్లో తప్పాను. మార్చి పోతే సెప్టెంబరు, సెప్టెంబరు పోతే మళ్లీ మార్చి అని మూడుసార్లు కట్టి ఆపేశాను. ఇప్పుడు ట్రాక్టరు నడుపుకుంటున్నా, బాడుగలకి లోటు లేదు. మా బ్యాచ్ వాళ్లు ముప్పై ఏళ్ల కలయిక పెట్టారు, వాట్సాప్ గ్రూపులో నన్నూ చేర్చారు. అందులో డాక్టరు ఉన్నాడు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉన్నారు, ఎమ్మార్వో ఉన్నాడు. మా ఆవిడ పొమ్మంటోంది. నాకు కాళ్లు రావడం లేదు. పోవాలా? — ఒక పాఠకుడు, కందుకూరు దగ్గర

మీరు పేపరు రోజుల వారు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు, చదివే చిన్నవాళ్ల కోసం చెబుతున్నా. అప్పట్లో ఫలితాలంటే పేపర్లో వచ్చే హాల్ టికెట్ నంబర్లు. ఫస్ట్ క్లాసు వాళ్లవి ఒకచోట, సెకండు క్లాసు వాళ్లవి ఒకచోట, థర్డు క్లాసు వాళ్లవి ఒకచోట. బస్టాండులో పేపరు కట్ట దిగగానే ఒకడు చదువుతుంటే పదిమంది భుజాల మీంచి తొంగిచూసేవాళ్లు. నంబరు ఫస్టులో లేకపోతే సెకండులో, అక్కడా లేకపోతే థర్డులో, అక్కడా లేకపోతే ‘అచ్చుతప్పేమో, ఇంకో పేపరు చూద్దాం’ అని ఇంకో పేపరు. తప్పినవాడి పేరు ఎక్కడా పడదు. లేకపోవడమే వాడి ఫలితం. ఆ లేకపోవడం అక్కడితో ఆగలేదు, కాలేజీ కబుర్లలో లేరు, పెళ్లి కార్డుల్లో లేరు, మొన్నమొన్నటిదాకా ఈ కలయికల్లోనూ లేరు.

నా సంగతి చెబుతాను. మాది 1988. హైవే పక్కన జిల్లా పరిషత్ హైస్కూలు. ఫోటో దిగే రోజు క్లాసుల్లోంచి బెంచీలు మోసుకొచ్చి మెట్లుగా పేర్చారు, సార్లకి కుర్చీలు, ఆడపిల్లలం ఓణీలు సర్దుకుని కింద జంపకానా మీద, పొడుగు మగపిల్లలు బెంచీల మీద పైవరుసలో. ముందు ఒక పలక మీద సుద్దతో క్లాసు, సంవత్సరం. కాపీ పన్నెండు రూపాయలు. మా నాయన ‘రోజూ చూసుకునే మొహాలేగా, దానికి పన్నెండు రూపాయలా’ అన్నాడు, కొనలేదు. తర్వాత ఆ మొహాలు మళ్లీ చూస్తే ఒట్టు.

ఆరేడేళ్ల కిందట మా బ్యాచ్ గ్రూపు పెట్టినప్పుడు అందరం అడిగింది ఒకటే, ఫోటో ఎవరి దగ్గరుంది? ఇంజనీరు దగ్గర లేదు, ఇళ్లు మారేటప్పుడు పోయింది. టీచరమ్మ దగ్గర ఉన్నదానికి చెదలు పట్టాయి. నాలుగు రోజుల తర్వాత గ్రూపులో లేని మనిషి దగ్గర ఉందని తెలిసింది. హైవే మీద పంచరు షాపు. లెక్కలు, ఇంగ్లీషు రెండూ తప్పి మళ్లీ కట్టనే లేదు. ఫోటో అద్దం కట్టించి షాపులో వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించాడు, గ్రీజు చేతులు తగిలి ఒక మూల నల్లబడింది. నేను చూడ్డానికి పోతే పైవరుస నుంచి మొదలుపెట్టి యాభై రెండు మంది పేర్లూ, ఇంటిపేర్లతో సహా, ఒక్కటి తప్పకుండా చెప్పాడు. నా దగ్గరికొచ్చి ‘నువ్వు ఈ రోజు ఓణీ అరువు తెచ్చుకున్నావు, మీ పిన్నిది’ అన్నాడు. నిజమే. నాకే గుర్తులేదు.

మీరు కూడా పైవరుసలోనే ఉండుంటారని నా అనుమానం.

పోండి. కానీ పోయేముందు ఆ గ్రూపులో ఒక్క మాట రాయండి, మొహమాటం వద్దు. మైకు పట్టుకుని ‘నేను ఫలానా ఉద్యోగం, నాకు ఇద్దరు పిల్లలు, ఒకడు అమెరికా’ అని వరసగా చెప్పుకునే కార్యక్రమం ఒకటి పెడతారు, అది తీసేయమనండి. సగంమందికి కాళ్లు రాకపోవడానికి అదే కారణం. బదులుగా మీ క్లాసు టీచరు ఉన్నారేమో కనుక్కుని, పాత అటెండెన్సు రిజిస్టరు బడిలో దొరికితే సరే, లేకపోతే పేర్లు రాసిచ్చి, ఆయన చేత హాజరు పిలిపించమనండి. చాలాచోట్ల ఇప్పుడు ఇలాగే చేస్తున్నారు, ముందు ప్రార్థన, హాజరు, తర్వాతే సార్లకి శాలువాలు. డాక్టరైనా ఎమ్మార్వో అయినా బెంచీలో కూర్చుని ‘ఎస్ సార్’ అనాల్సిందే, మీరూ అంతే.

చందా ఎంతని మీరు రాయలేదు. రెండు వేలు దాటితే ఎక్కువ అని గ్రూపులో చెప్పండి, చెప్పలేక రాకుండా ఉండేవాళ్లు మీ బ్యాచ్‌లో ఇంకా ఉంటారు. ఫోటో మీ దగ్గరుంటే మాత్రం అసలుది ఎవరి చేతికీ ఇవ్వకండి, సెల్లుతో తీసుకోమనండి.