బర్డ్స్ హిట్ పాటల సంకలనం ఇన్నేళ్లయినా ఎందుకు నిలిచింది?

అమెరికా రాక్ బృందం బర్డ్స్ పాటలతో 1967లో వచ్చిన 'ది బర్డ్స్ గ్రేటెస్ట్ హిట్స్'ను జనం ఇప్పటికీ ఎందుకు వింటున్నారని, ఆ ఒక్కటి వింటే సరిపోతుందా లేక అసలు ఆల్బమ్‌లు కూడా వినాలా అని మీరు అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కనుక చివర చెబుతాను. మొదటిదానికి నాకు తోచిన కారణం ఏమిటంటే, పేరుకు అది హిట్ పాటల సంకలనమే అయినా, ఒక బృందం రెండేళ్లలో ఎంత దూరం వెళ్లిందో వరుసగా వినిపించే రికార్డు. అందులోని 11 పాటల్లో మొదటి వైపు ఉన్న ఆరూ 1965 నాటివి. రెండో వైపు ఉన్న అయిదూ 1966, 1967 నాటివి.

నాకు ఈ సంగతి బోధపడింది క్యాసెట్ వల్ల. మద్రాసులో చదువుకునే మా బావ ఎవరిదో ఎల్పీ నుంచి ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి, అట్ట మీద బాల్ పెన్నుతో పాటల పేర్లు రాసి, సెలవులకు తిరుపతి వచ్చినప్పుడు తెచ్చిపెట్టాడు. మొదటి వైపు 'చైమ్స్ ఆఫ్ ఫ్రీడమ్'తో ముగుస్తుంది. క్యాసెట్ తిప్పి పెడితే 'ఎయిట్ మైల్స్ హై' మొదలవుతుంది. ముందు బేస్ గిటారు ఒక్కటే గుమ్మంటూ నడుస్తుంది, తర్వాత పన్నెండు తీగల గిటారు అడ్డదిడ్డంగా విరుచుకుపడుతుంది. అంతవరకూ విన్న బృందం ఇదేనా అని నేను అట్ట మళ్లీ చదివిన మాట నిజం. ఇప్పుడు ఫోన్‌లో పాటలను కలగాపులగంగా వినే వారికి ఆ మలుపు తెలిసే అవకాశం లేదు.

ఇక మొదటి వైపు గురించి. 'మిస్టర్ టాంబురీన్ మ్యాన్' అమెరికా గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ పాట. ఆయన దాన్ని నాలుగు చరణాలతో అయిదున్నర నిమిషాలు పాడాడు. బర్డ్స్ ఒకే చరణం ఉంచుకుని, ముందూ వెనకా పల్లవి పెట్టి, రెండున్నర నిమిషాల లోపు ముగించారు. 1965 ఏప్రిల్‌లో వచ్చిన ఆ రికార్డు అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ హిట్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. జానపద పాటలను రాక్ వాద్యాలతో పాడే ఫోక్ రాక్ అనే పద్ధతికి జనంలో గిరాకీ తెచ్చింది అదే. విచిత్రమేమిటంటే ఆ పాటలో బృంద సభ్యుల్లో వాద్యం వాయించింది రోజర్ మెక్‌గ్విన్ ఒక్కడే. మిగతా వాద్యాలు లాస్ ఏంజెలెస్ స్టూడియో కళాకారులు వాయించగా, మెక్‌గ్విన్, జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్బీ గొంతు కలిపారు. దీన్ని కొందరు లోపంగా చెబుతారు కానీ, ఆ పాటను నిలబెట్టినవి ఆ గొంతులూ మెక్‌గ్విన్ పన్నెండు తీగల గిటారూ మాత్రమేనని వింటే ఎవరికైనా తెలుస్తుంది.

ఆ గిటారు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సంకలనం మొత్తాన్ని ఒక్కటిగా కట్టి ఉంచేది అదే. పన్నెండు తీగల గిటారులో తీగలు ఆరు జతలుగా ఉంటాయి. సన్నటి రెండు జతల్లో రెండేసి తీగలూ ఒకే శ్రుతిలో ఉంటాయి. మిగిలిన నాలుగు జతల్లో ఒక తీగ మామూలు స్థాయిలోనూ, దాని తోడు తీగ పై స్థాయిలోనూ పలుకుతాయి. అందువల్ల ఒక్క మీటుకే స్వరం రెండు స్థాయిల్లో వినిపిస్తుంది. చాలా గిటార్లలో ఆ నాలుగు జతల మీద కిందికి మీటినప్పుడు పై స్థాయి తీగ ముందు తగులుతుంది, మెక్‌గ్విన్ వాడిన రికెన్‌బ్యాకర్‌లో మాత్రం ఆ వరుస తిరగబడి ఉంటుంది. దానికి తోడు, ఆయన షికాగోలో జానపద సంగీత పాఠశాలలో నేర్చిన బాంజో పద్ధతిలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మీటు బిళ్ల పట్టుకుని, మధ్యవేలికీ ఉంగరపువేలికీ లోహపు తొడుగులు వేసుకుని వాయించేవాడు. రికార్డింగ్‌లో కంప్రెసర్ వాడి శబ్దాన్ని కుదించడంతో, తగ్గిపోవలసిన నాదం తగ్గకుండా కాసేపు నిలిచేది. మా అమ్మాయి వీణ నేర్చుకుంటున్న రోజుల్లో ఈ పాట మొదటిసారి విని, "నాన్నా, ఇద్దరు వాయిస్తా ఉండారా?" అని అడిగింది. ఒక్కరేనని చెప్పినా చాలాసేపు నమ్మలేదు.

పాత మాటకు కొత్త వరస కట్టడం ఈ బృందానికి అలవాటు. 'టర్న్! టర్న్! టర్న్!' మాటలు చాలావరకు బైబిల్‌లోని ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయానివి. వాటికి వరస కట్టి, చివర శాంతి గురించిన మాట చేర్చినవాడు అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్. వియత్నాం యుద్ధం ముదురుతున్న 1965 డిసెంబరులో బర్డ్స్ పాడిన తీరు అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. 'ది బెల్స్ ఆఫ్ రిమ్నీ' కూడా సీగర్ వరసే, మాటలు మాత్రం వేల్స్ బొగ్గుగనుల్లో పనిచేసిన కవి ఇడ్రిస్ డేవిస్‌వి. గని కార్మికుల గోడును అంత తీయగా పాడవచ్చునా అన్న అనుమానం నాకు చాలాకాలం ఉండేది. కవితలో మాట్లాడేవి ఊరూరి చర్చి గంటలే కదా, ఆ గిటారు ఆ గంటల పనే చేస్తోందని తోచిన తర్వాత ఈ సంకలనంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాట అదే అయింది. బీటిల్స్ సభ్యుడు జార్జ్ హ్యారిసన్ తన పాట ఒకదానికి ఆధారంగా తీసుకున్నది ఈ పాటలోని గిటారు నడకనే.

తిరుపతిలో పెరిగిన వారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అన్నమయ్య సంకీర్తనలు తిరుమల ఆలయంలో రాగిరేకుల మీద దొరికినప్పుడు రాగం పేర్లు ఉన్నాయి కానీ స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ వంటి వారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టిన వరసలతోనే మనం వాటిని పాడుకుంటున్నాం. రేకుల మీద వేల కీర్తనలు ఉన్నా ఇంటింటా వినిపించేవి కొన్నే. ఆ కొన్ని విని ఆగిపోయిన వారిని తప్పుపట్టలేం, ఆ కొన్నీ లేకపోతే తక్కిన వాటి జోలికి వెళ్లే వారే ఉండరు. హిట్ పాటల సంకలనం చేసే మేలు కూడా ఇంతే.

రెండో వైపు విషయానికి వస్తే, 'ఎయిట్ మైల్స్ హై' మన దేశంతో సంబంధమున్న పాట. 1965 చివర్లో బృందం ఊరూరా తిరుగుతూ బస్సులో రవిశంకర్ సితారునూ, అమెరికా జాజ్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్‌నూ ఒకే టేపులో పదేపదే విన్నారు. కోల్ట్రేన్ 'ఇండియా' అనే రచనలోని చిన్న పలుకును మెక్‌గ్విన్ గిటారు మీదికి తెచ్చుకున్నాడు. మాటలు వారి లండన్ విమాన ప్రయాణం గురించినవే అయినా, మత్తుమందుల పాట అన్న అనుమానంతో 1966లో చాలా రేడియో కేంద్రాలు దాన్ని పక్కన పెట్టాయి. దీన్ని రాగ రాక్, అంటే మన రాగాల పోకడ ఉన్న రాక్, అనడం నాకు సమ్మతం కాదు. గమకం లేదు, ఆరోహణ అవరోహణల క్రమం లేదు. ఉన్నదల్లా ఒక శ్రుతి మీద నిలబడి ఇష్టం వచ్చినంత దూరం పోగల ధైర్యం, అది సితారు కంటే కోల్ట్రేన్ నుంచి వచ్చిందే ఎక్కువ. 'మిస్టర్ స్పేస్‌మ్యాన్' సరదా పాట, అంతకు మించి ఏమీ లేదు. 'సో యూ వాంట్ టు బి ఎ రాక్ అండ్ రోల్ స్టార్'లో దక్షిణాఫ్రికా కళాకారుడు హ్యూ మసకేలా ట్రంపెట్ కోసమైనా చెవి పెట్టాలి. చివరిదైన 'మై బ్యాక్ పేజెస్' మళ్లీ డిలన్ పాటే, కానీ 1965 నాటి కుర్రతనం గొంతుల్లో లేదు.

ఇన్ని చెప్పినా పేరు విషయంలో కాస్త గడుసుతనం ఉందని ఒప్పుకోవాలి. ఈ 11లో మొదటి స్థానానికి వెళ్లినవి రెండే. 'ది బెల్స్ ఆఫ్ రిమ్నీ', 'చైమ్స్ ఆఫ్ ఫ్రీడమ్' అసలు సింగిల్స్‌గానే, అంటే విడి పాటల రికార్డులుగానే, రాలేదు. అమ్మకాల లెక్క ఒక్కటే చూసుకుని ఉంటే ఆ రెండూ ఇందులో ఉండేవి కావు, వినేవాడికి అది పెద్ద నష్టం అయ్యేది.

ఇక మీ రెండో ప్రశ్న. మొదలుపెట్టడానికి ఈ సంకలనం చాలు, వరుస మార్చకుండా వినండి. కానీ దీన్ని బట్టి చూస్తే బృందంలో అందరికంటే బాగా పాటలు రాసిన జీన్ క్లార్క్ ఎవరో తెలియదు. 11లో నాలుగు డిలన్‌వి, రెండు సీగర్ వరసలు. క్లార్క్ ఒక్కడే రాసింది 'ఐల్ ఫీల్ ఎ హోల్ లాట్ బెటర్' ఒకటే, 'ఎయిట్ మైల్స్ హై'లో మరో ఇద్దరితో కలిసి పాలు పంచుకున్నాడు. 1966 మొదట్లోనే ఆయన బృందం వదిలిపోయాడు. కాబట్టి సంకలనం తర్వాత నేరుగా మొదటి రెండు ఆల్బమ్‌లకు వెళ్లి ఆయన పాటలు వెతకండి. రెండో ఆల్బమ్‌లోని 'సెట్ యూ ఫ్రీ దిస్ టైమ్'తో మొదలుపెడితే మంచిది. 1968లో కంట్రీ అనే అమెరికా గ్రామీణ సంగీతం వైపు మళ్లి చేసిన 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో' దాదాపు వేరే బృందం పని, దాన్ని తీరిక ఉన్నప్పుడు వినవచ్చు.